చెవి కుట్టిన రూపాయి

ఆదివారం సెలవంటే లోకంలో అందరికీ కోడికూర, ఆ పైన ఇంత కునుకు. మంగీలాల్‌కు మాత్రం బీరువా. కొత్తగూడెం బొగ్గు కంపెనీ క్వార్టర్లో, వెనక గదిలో, బీరువా కింది అర తాళం తీసి, మంచం మీద తెల్ల పంచె పరిచి, తన సరుకంతా ఒక్కొక్కటిగా పేర్చుకుంటాడు. చేతులకు నూలు గ్లౌజులు. గనిలో గ్లౌజులు వేసుకోవయ్యా అని సేఫ్టీ ఆఫీసర్లు ముప్పై ఏడేళ్లుగా మొత్తుకున్నా వినని మనిషి, ఇంట్లో వెండి ముట్టుకోవడానికి వేసుకుంటాడు. దీన్ని ఏమనాలో మీరే చెప్పండి.

పది గ్రాముల వెండి బిస్కెట్లు, యాభై గ్రాములవి, వంద గ్రాములది ఒకటి, అట్ట మీద పెట్టి ప్లాస్టిక్ బిగించి నంబరు వేసినవి. దీపావళికొకటి చొప్పున కొన్న లక్ష్మి బొమ్మ నాణేలు. కూతురు కవిత పుట్టిన ఏడు కొన్న గోరంత బంగారు నాణెం. అది ఆ పిల్ల చెవి పోగులకు పనికొస్తుందని భార్య పుష్ప ఎన్నిసార్లు అడిగినా సీలు విప్పలేదు. సీలు విప్పితే వస్తువు పోయినట్టే అంటాడు. వస్తువు ఎక్కడికి పోతుందో పుష్పకు ఈనాటికీ అర్థం కాలేదు. అడిగి అడిగి విసుగొచ్చి ఇప్పుడు అడగడం కూడా మానేసింది. ఆదివారం పొద్దున ఆ గది తలుపు దగ్గరగా వేసి ఉందంటే, చాయ్ గ్లాసు గడప మీద పెట్టి పోతుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, గుండ్రటి ప్లాస్టిక్ డబ్బీల్లో ఉన్న ఇరవై పాత రూపాయలు ఒక ఎత్తు. తెల్లదొరల కాలం నాటివి. కిరీటం పెట్టుకున్న రాజు బొమ్మ, గడ్డంలో వెంట్రుక వెంట్రుకా లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉంటుంది. గీత లేదు, మచ్చ లేదు, అంచు చెక్కుచెదరలేదు. ఎక్కడెక్కడి నుంచో తెప్పించినవి. వాటిని బయటికి తీసినప్పుడు మంగీలాల్ ఊపిరి కూడా మెల్లగా వదులుతాడు. బిస్కెట్లంటే సరదా. ఈ ఇరవై మాత్రం సరదా కోసం మొదలుపెట్టినవి కావు. ఆ సంగతి చెప్పాలంటే అతని తల్లి మెడ దగ్గరికి పోవాలి.

తల్లి పేరు బాలి. ఏన్కూరు అవతల, అడవి అంచున ఉన్న తండాలో చిన్నకొడుకు తుల్సీరాం ఇంట్లో ఉంటుంది. లంబాడీ ఆడవాళ్లకు వెండి పెట్టెలో దాచుకునే సొమ్ము కాదు, ఒంటి మీద తిరిగే సొమ్ము. పొలంలో నాట్లకు పోయినా, అడవిలో కట్టెలకు పోయినా మెడలోనే ఉంటుంది. బాలి మెడలో ఇట్లాంటివే ఇరవై ఒక్క పాత రూపాయల దండ ఉండేది. ఇరవైటికి నెత్తిన చిన్న రింగు మాటేసి అతికి, దారం దూర్చి ఉండేది. ఇరవై ఒకటోదానికి రింగు ఎన్నిసార్లు అతికినా ఊడిపోతుంటే, తలప్రాణం తోకకొచ్చిన అవుసలి, అంటే కంసాలి, బొమ్మలోని రాజుకు చెవి పక్కన బెజ్జం కొట్టి చేతిలో పెట్టాడట. పాలు తాగే రోజుల నుంచీ మంగీలాల్ వేళ్లు ఆ బెజ్జం మీదే ఉండేవి. "రాజుకు చెవులు కుట్టిచ్చిన బిడ్డా. పోగులు నీకే లెవ్వు, ఆయనకేడ తెస్త" అని నవ్వేది బాలి.

మంగీలాల్‌కు పంతొమ్మిదేళ్లప్పుడు ఖమ్మంలో ఐటీఐ సీటొచ్చింది. రెండేళ్లు అక్కడ ఉండి చదవాలి. ఇంట్లో ఏమీ లేదు. ఒకరోజు పొద్దున బాలి ఎవరికీ చెప్పకుండా కొత్తగూడెం బస్సెక్కింది, మాపటికి తిరిగొచ్చింది. ఎండకు నల్లబడ్డ మెడ చుట్టూ దండ ఉన్నచోట మాత్రం తెల్లటి గీత. కొడుకు దాన్నే చూస్తూ నిలబడితే, "మెడ తేలికైంది పో" అంది. అంతే. ఏ దుకాణంలో ఇచ్చిందో, ఎవరికిచ్చిందో, ఏడ్చిందో లేదో, ఆ తర్వాత ఒక్కమాట లేదు.

ఫిట్టర్ ఉద్యోగం వచ్చి మొదటి జీతం చేతిలో పడ్డ రోజున మంగీలాల్ నేరుగా కొత్తగూడెం బజారుకు పోయాడు. అమ్మకు దండ చేయించాలి. వెండి దుకాణం వెంకటప్పయ్య అప్పటికి కొత్తగా గల్లా ముందు కూర్చున్నాడు, వెనక ముసలి తండ్రి. వెంకటప్పయ్య పాలపొడి డబ్బా ఒకటి ముందు పెట్టాడు. నిండా రాజు రూపాయలు. "ఇవి తండాల సొమ్ములల్లనుంచి వచ్చినయ్. రింగులున్నయ్, అరిగినయ్. వీటిని నాణెమనరు, వెండనే అంటరు. నాణెమంటే ఇది" అని గుడ్డలో చుట్టిన రూపాయి ఒకటి విప్పి చూపించాడు. అది తళతళలాడుతోంది. మంగీలాల్ మనసు దాని మీద పడింది. అమ్మ ఇచ్చింది అరిగిపోయిన దండే కావచ్చు, తాను ఇచ్చేది మాత్రం మచ్చలేనిదై ఉండాలనుకున్నాడు. మంచి ఉద్దేశమే. మనిషిని ముంచేది ఇట్లాంటి మంచి ఉద్దేశాలే మరి.

ఆ తర్వాత వెంకటప్పయ్య దగ్గర విద్య నేర్చుకున్నాడు. వేలితో ముట్టుకుంటే మచ్చ పడుతుంది. చింతపండుతో తోమితే నాణెం చచ్చిపోతుంది. రింగు అతికించారా, ఇక అది తుక్కు. ఇదంతా తలకెక్కాక, తన రూపాయలకు తానే రింగు ఎట్లా అతికించగలడు? ఇరవై ఒకటీ పూర్తయ్యాక చూద్దాంలే అనుకున్నాడు. తొమ్మిదేళ్లలో ఇరవై పూర్తయ్యాయి. ఇరవై ఒకటోది మాత్రం ఎంతకీ కుదరలేదు. ఇది గీసుకుపోయింది, దీనికి అంచు నొక్కుంది, దీన్ని ఎవరో తోమారు. పెళ్లిచూపులకు పోయిన మేనత్త లాగా ప్రతిదానికీ ఒక వంక. కుదిరితే అమ్మకు ఇచ్చేయాలి కదా! ఆ మాట అతను ఎన్నడూ లోపల కూడా అనుకోలేదు, కానీ అసలు సంగతి అదే. మధ్యలో ఊసుపోక మొదలైన బిస్కెట్లు అరనిండా చేరాయి. తల్లికి డెబ్భై దాటాయి, ఎనభై దాటాయి.

పోయిన నెల బాలికి ఆయాసం ఎక్కువైతే ఖమ్మం దవాఖానాకు తీసుకుపోయారు. మెట్లెక్కించి దించి, ఒక గది నుంచి ఇంకో గదికి తిప్పి, ఆ మూడు రోజులకే మంగీలాల్ ఒళ్లు హూనమైంది. ఎక్స్‌రే గదిలో పిల్ల, "అవ్వా, మెడల ఏమన్న ఉంటె తీసెయ్" అంది. బాలి చెయ్యి మెడ దగ్గరికి పోయింది. వేళ్లతో కాసేపు వెతుక్కుంది.

"అది తీసేసి నలభై యేండ్లైంది బిడ్డా" అంది.

వెనక సంచి పట్టుకుని నిలబడ్డ మంగీలాల్ ఆ మాట విన్నాడు. గుండె బాగా అలసిపోయింది, ఇంటికి తీసుకుపోండి, మందులు రాస్తాను, కానీ ఎన్నాళ్లని చెప్పలేను అన్నాడు డాక్టరు. తండాకు పోయే దారిలో, కారు వెనక సీట్లో కొడుకు భుజానికి ఆనుకుని బాలి నోరు విప్పింది. "మంగీ, నా రూపాయిల దండ ఒక్కపారి మెడల ఏసుకోని సూడాలని ఉన్నదిరా."

నలభై ఏళ్లలో ఆమె అడిగింది అదొక్కటే. "తెస్త యాడీ" అన్నాడు మంగీలాల్. వాళ్ల భాషలో యాడీ అంటే అమ్మ. ఇరవై రూపాయలు తన బీరువాలోనే ఉన్నాయని చెప్పడానికి నోరు రాలేదు. సిగ్గుతో చచ్చిపోయాడు.

మర్నాడు డ్యూటీకి లీవు పెట్టి వెంకటప్పయ్య దుకాణానికి పోయాడు. వెంకటప్పయ్యకు ఇప్పుడు డెబ్భై. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, "ఏం మంగీలాలూ, ఇయ్యాల ఆదివారం గూడ కాదు" అన్నాడు.

"సేటూ, ఒక్క రాజు రూపాయి కావాలె. ఎట్లాంటిదైనా సరే."

"ఎట్లాంటిదైనానా? నీ నోట ఈ మాట వింటననుకోలే."

"రింగు మచ్చ ఉన్నా పర్వాలే. ఆ పాలపొడి డబ్బా తియ్యి."

వెంకటప్పయ్య అతని వంక వింతగా చూశాడు. "డబ్బా ఇంకేడిది? మా నాయన ఉన్నన్నాళ్లు కరిగించనియ్యలే. తండాలోళ్లు ఎప్పుడన్న తిరిగొచ్చి అడుగుతర్రా, ఉంచు అనేటోడు. ఆయన పోయినంక, నాలుగేండ్ల కింద, అంతా కలిపి బెజవాడ పంపిన. శుద్ధి చేసి వంద గ్రాముల బిస్కెట్లు పోసి పంపిన్రు, తామరపువ్వు గుర్తుతోని. మొదటి బిస్కెట్ నువ్వే గద తీస్కపోయింది, మర్సినవా?"

మంగీలాల్ మర్చిపోలేదు. అరలో కుడివైపు మూల, అన్నిటికంటే పెద్దది అదే.

వెంకటప్పయ్యకు ఏదో గుర్తొచ్చి నవ్వాడు. "ఆ డబ్బల ఒక తమాషాది ఉండె. రాజు చెవికాడ బెజ్జం. మా నాయన వచ్చినోళ్లకల్ల చూపెట్టేటోడు, రాజుగారికి చెవులు కుట్టిన్రని. నీకు గూడ ఎన్నిసార్ల చెప్పిన, తమాషాది ఒకటుంది సూడమని. పాడైనయి నాకెందుకు సేటూ అని చెయ్యి గూడ పెట్టకపోతివి."

మంగీలాల్ స్టూలు మీద కూర్చుండిపోయాడు. ముప్పై ఏడేళ్లు నెల నెలా ఇదే స్టూలు మీద కూర్చున్నాడు. అందులో ముప్పై మూడేళ్లు అమ్మ దండ మూరెడు దూరంలో, రేకు డబ్బాలో, తన కోసమే ఎదురు చూసినట్టు ఉంది. చెయ్యి పెట్టి ఒక్కసారి కలిపి ఉంటే ఆ బెజ్జం వేలికి తగిలేది. తెలియని వాళ్లెవరో తండావాళ్లు తిరిగి వస్తారని ఆ ముసలాయన ముప్పై ఆరేళ్లు కాపలా కాశాడు. తిరిగొచ్చిన తండావాడు వాటిని తుక్కన్నాడు. వెంకటప్పయ్య నీళ్లిచ్చి ఏమైంది ఏమైందని అడుగుతుండగానే లేచి ఇంటికొచ్చాడు.

మంచం మీద కూర్చుని పుష్పకు అంతా చెప్పాడు. ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని చివరిదాకా విన్నది.

"ఆ ఇరవై అత్త కోసమని ఎన్నడన్న చెప్పినవా నాకు? నీ పిచ్చి అనుకోని గదా ఇన్నేండ్లు తిట్టుకుంట బతికిన."

"ఇరవై ఒకటి అయినంక చెప్దామని."

పుష్పకు కోపం రావాలి, కానీ కోపానికి కూడా ఓపిక ఉండాలి కదా. నిట్టూర్చి వంటింట్లోకి పోయి కత్తెర తెచ్చి అతని పక్కన పెట్టింది. "గట్లనే కూసుంటె పొద్దు పోతది. లెవ్వు" అంది.

మంగీలాల్ గ్లౌజులు వేసుకోలేదు. ఇరవై డబ్బీల మూతలు తీసి, రూపాయలను వట్టి చేతులతో ఎత్తి, పాత తువ్వాల్లో మూటగట్టాడు. తామరపువ్వు బిస్కెట్ మీది ప్లాస్టిక్‌ను పుష్ప కత్తిరించింది. లోపల వెండి చల్లగా ఉంది. అది చేతికి తగిలితే అతనికి ఏడుపొచ్చింది, ఏడ్చాడు. పుష్ప చూడనట్టు ప్లాస్టిక్ ముక్కలు ఏరుకుంది.

ఏన్కూరులో అవుసలి ఆ మూట విప్పి చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "అన్నా, ఇసుంటి సరుకు మీద మాటెయ్యమంటె నాకు పాపం తగుల్తది. మల్ల ఎవ్వడు కొనడు."

"అమ్మెటందుకు కాదు. ఎయ్యి."

మొదటి రూపాయి మీద మంట పడ్డప్పుడు రాజు మొహం పొగచూరి నల్లబడింది. మంగీలాల్ తల తిప్పుకున్నాడు. రెండోదానికి చూశాడు. ఐదారు అయ్యేసరికి అలవాటైంది, అలవాటైనందుకు తన మీద తనకే చికాకేసింది. ఇంత తేలికా? దీనికా నేను ముప్పై ఏడేళ్లు ఆగింది? ఇరవయ్యీ అయ్యాక బిస్కెట్ ముందుకు జరిపి, ఇందులోంచి ఒక రూపాయంత బిళ్ల కొట్టమన్నాడు.

"ఉత్త వెండి మెత్తగుంటది, మెడల నిలువది. ఇంత రాగి కలుపుత."

"ఏం కలపకు. ఉన్నది ఉన్నట్టు కొట్టు. రింగు వద్దు, అంచుకాడ బెజ్జం పెట్టు."

అవుసలి మూల ముక్క కోసి, కరిగించి, సుత్తితో గుండ్రంగా సాగగొట్టాడు. బొమ్మ లేదు, అక్షరం లేదు, బోడి బిళ్ల. బెజ్జం కొట్టి నల్ల దారానికి ఇరవై ఒకటీ గుచ్చి ఇచ్చాడు. మంగీలాల్ దాన్ని చొక్కా లోపల పెట్టుకుని బండి మీద తండాకు పోయాడు. గతుకుల దారిలో రూపాయలు పొట్టకు కొట్టుకుంటుంటే, చిన్నప్పుడు అమ్మ చంకన ఎక్కి అడవికి పోయినప్పుడు వినపడ్డ చప్పుడు ఇదేనా కాదా అని ఆలోచిస్తూ పోయాడు. గుర్తు రాలేదు.

ఎండ ఇంకా ఉంది. బాలి వాకిట్లో మంచం మీద, వెనక బొంతలు ఎత్తుగా పెట్టుకుని కూర్చుని ఉంది. పక్కనే తుల్సీరాం భార్య చాంది విసురుతోంది. మంగీలాల్ దండ తీసి తల్లి మెడలో వేశాడు. చాంది విసరడం ఆపి నోరు తెరుచుకుని చూసింది. ఆ బరువుకు బాలి తల కొంచెం ముందుకు వాలింది. ముసలి చేతులు పైకి లేచి ఒక్కొక్క రూపాయినీ పట్టుకోవడం మొదలుపెట్టాయి. ఆమెకు చూపు సరిగా లేదు, బొటనవేలితోనే చూసుకుంటోంది.

"ఇవి నావి గావు" అంది. నిష్ఠూరంగా అనలేదు, మామూలుగానే అంది. "నావి అరిగి నున్నగుండేటియి. ఇవి గీసుకుంటున్నయ్. వీటిని ఏ ఆడిది మెడల ఎయ్యలేదారా?"

"లే యాడీ. ఎవ్వరు ఎయ్యలే."

బొటనవేలు ఒక్కొక్కటే దాటుకుంటూ బోడి బిళ్ల దగ్గరికి వచ్చి ఆగింది. ఇటు తిప్పింది, అటు తిప్పింది. "దీనికేంది, మొకం లేదు?" వేలు బెజ్జం మీద పడింది. అక్కడే ఉండిపోయింది.

మంగీలాల్ మంచం పక్కన నేల మీద కూలబడి చెప్పాడు. మొదటి జీతం, పాలపొడి డబ్బా, మచ్చలేనివి కావాలనుకోవడం, బీరువా, ఇరవై ఒకటోదానికి పెట్టిన వంకలు, చెవి కుట్టిన రాజు, బెజవాడ, బిస్కెట్. ఏదీ దాచలేదు. తాను చేసిన పనిని బయటికి చెప్పుకుంటే ఎంత తెలివితక్కువగా వినపడుతోందో అతనికే తెలుస్తోంది. ప్రాణం ఉసూరుమంది. బాలి కళ్లు మూసుకుని విన్నది. ఆయాసంతో ఆమె ఛాతీ లేచి పడుతుంటే దండ చిన్నగా మోగుతోంది.

బోడి బిళ్లను వేళ్ల మధ్య తిప్పుతూ అడిగింది. "గిండ్ల నా రాజున్నడా?"

"ఉన్నడు యాడీ. అందరితోని కలిసిపోయిండు. ఎంతున్నడో తెల్వదు గని ఉన్నడు."

"దారం తెంపు."

చాంది కొడవలి తెచ్చి ముడి దగ్గర కోసింది. బాలి బోడి బిళ్లను తీసుకుని గుప్పిట్లో పెట్టుకుంది. చాంది మళ్లీ ముడి వేసి ఇస్తే, మిగిలిన దండను రెండు చేతులతో పట్టుకుని, "వంగు" అంది కొడుకుతో.

మంగీలాల్ వంగాడు. దండ అతని చెవి దగ్గర తట్టుకుంది, చాంది సాయం పట్టింది. అరవైకి దగ్గరపడ్డ మనిషి మెడలో ఇరవై రూపాయల ఆడవాళ్ల దండ పడింది. వాకిట్లో ఆడుకుంటున్న పిల్లలు ఇటు చూసి కిసుక్కున నవ్వారు.

"ఇవి నీవి. ఇన్నేండ్లు ఒక్కనివే మోసినవ్ గద, ఏసుకో" అంది బాలి.

ఎగతాళిగా అందో, జాలిపడి అందో, కోపంతోనే అందో అతనికి తెలియలేదు. అడుగుదామని తల ఎత్తాడు. ఆమె అప్పటికే వెనక్కి వాలి, గుప్పిట ఛాతీ మీద పెట్టుకుని, రెండో చేత్తో తన మెడను తడుముకుంటోంది.

"మెడ తేలికైంది పో" అంది, నలభై ఏళ్ల కింద అన్నట్టే.

ఆమె నిద్రలోకి జారుకుంది. మంగీలాల్ దండ తీయలేదు. కదిలితే అది మోగుతుంది, మోగితే అమ్మ లేస్తుంది. మోకాళ్లు పీకుతున్నా, పిల్లలు నవ్వుతున్నా, అట్లాగే నేల మీద కూర్చున్నాడు.